వయసు అడగవలసిన గుమ్మం

ఎవరి స్మృతికి ఈ సభ అంకితమో ఆయనను ఈ ఊళ్లో మూడు తరాలవాళ్లం ‘లైబ్రరీ మాస్టారు’ అనే పిలుచుకున్నాం. తన పేరు ఏ ఫలకం మీదా చెక్కించవద్దని ఆయన కోరారు. ఆ కోరికను మన్నించి ఈ ఉపన్యాసంలో నేనూ ఆయన పేరు చెప్పను. ఆయన చేతి మీదుగా పుస్తకాలు అందుకుని పెరిగినవాడికి ఈ వేదిక మీద మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు ఈ గ్రంథాలయ కార్యవర్గానికి కృతజ్ఞుణ్ణి.

నేను ఎంచుకున్న విషయం ఆయన కాలానికి దూరమని మీకు తోచవచ్చు. ఇంటర్నెట్‌లో వయసు అడిగే చట్టాలు దేశదేశాల్లో ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. పిల్లలను కాపాడాలన్న కోరిక విషయంలో సభ్యసమాజంలో రెండో మాట లేదు. ఏ వెబ్‌సైటు గుమ్మం దగ్గర వయసు అడగాలి, ఏ గుమ్మం దగ్గర అడగకూడదు అన్న చోటే చట్టాలు తడబడుతున్నాయి. ఈ ప్రశ్నకు నేను మొదటి జవాబు విన్నది ఈ హాల్లోనే.

అప్పట్లో ఇక్కడ పదకొండు బీరువాలుండేవి. పదింటికి తాళాల్లేవు. ఎవరు లాగినా తలుపులు కిర్రుమంటూ తెరుచుకునేవి. రిజిస్టరు బల్ల వెనకున్న పదకొండో బీరువాకు మాత్రం ఇత్తడి తాళం. తాళంచెవి మాస్టారి చొక్కా జేబులో ఉండేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ధైర్యం చేసి ఆ బీరువాలో ఏముందని అడిగాను. ఆయన కోప్పడలేదు. ‘‘ఏ క్లాసురా?’’ అన్నారు. చెప్పాను. ‘‘అవి పెద్దవాళ్ల పుస్తకాలు. ఇంటరు అయ్యాక రా, నేనే తీసిస్తాను’’ అన్నారు. రిజిస్టరులో ఏమీ రాసుకోలేదు. మా నాన్నగారితోనూ చెప్పలేదు. మిగతా పది బీరువాల దగ్గర ఆయన ఏనాడూ నా వయసు అడగలేదు. ప్రసవం గురించి, సుఖవ్యాధుల గురించి వైద్యులు రాసిన పుస్తకాలూ, దేశ విభజన నాటి రక్తపాతాన్ని దాచకుండా చెప్పిన పుస్తకాలూ ఆ పదింటిలోనే ఉండేవి. ఏది తాళం వెనక ఉండాలో ఆయన ఒక్కో పుస్తకాన్నీ చదివి నిర్ణయించుకున్నారు. హాలుకే తాళం వేయాలన్న ఆలోచన ఆయనకు రాలేదు.

అది ఒక్కరి మంచితనమని అనుకోను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువ వెంట ఊరూరికీ పంపారు. ఆ ఉద్యమమంతా చదివేవాడికీ పుస్తకానికీ మధ్య అడ్డు తగ్గించాలన్న పట్టుదల మీద నడిచింది. కులం అడ్డు, రుసుము అడ్డు, దూరం అడ్డు. వాటిని తీసేయడానికి ఒక తరం తన జీవితాన్ని ధారపోసింది. ఇవాళ ఏ కొత్త అడ్డు పెట్టినా, ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా, ఆ తరానికి సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

వయసు అడగడం మనకు కొత్త కాదు. పెళ్లి వాకిట్లో చట్టం ఎప్పుడో వయసు అడిగింది: 1891 నాటి సమ్మతి వయసు చట్టం, 1929 నాటి శారదా చట్టం. బడిలో చేరేవాడి వయసును మరోలా తేల్చేవారు. కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకోమనేవారు. అందితే ఒకటో తరగతి, అందకపోతే మరుసటేడు. పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోతే పంతులుగారే జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవారు. అదే పదో తరగతి సర్టిఫికెట్టుకెక్కి పదవీ విరమణ దాకా వెంట వచ్చేది. కాగితం మీది వయసుకూ అసలు వయసుకూ మధ్య ఎంత దూరముంటుందో ఈ సభలోని చాలామందికి సొంత అనుభవం.

చదివేవాటికీ చూసేవాటికీ వయసు చట్టం ఎలా వచ్చిందో కొంచెం నిదానంగా చూడాలి. 1956లో మన పార్లమెంటు యువజనుల హానికర ప్రచురణల చట్టం చేసింది. నేరం, క్రూరత్వం, జుగుప్స నింపిన బొమ్మల కథలు అప్పటి భయం. ఆ చట్టం ప్రెస్సులకు గానీ పుస్తకాల దుకాణాలకు గానీ తాళం వేయమనలేదు. ఒక ప్రచురణ పూర్తిగా గానీ ప్రధానంగా గానీ అలాంటి కథలతో నిండి, మొత్తంగా చూస్తే పిల్లల మనసు చెడగొట్టేలా ఉందా అని చూడమంది. సినిమాల సంగతీ అంతే. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ‘ఎ’ సర్టిఫికెట్టు సినిమాకు వస్తుంది, హాలుకు రాదు. ఉదయం ఆటకు బడిపిల్లలను వరసగా కూర్చోబెట్టి పౌరాణికం చూపించిన హాల్లోనే రాత్రి ఆటకు గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి మీసాలు రాని కుర్రవాణ్ణి వెనక్కి పంపేవాడు. 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు సినిమాలను పెద్దలకు వేరుగా, అందరికీ వేరుగా వర్గీకరించడం సబబేనంది. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా కూడా సినిమానే చూశారు. తర్వాత యు/ఎ వచ్చింది. 2023 సవరణతో అందులోనే 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. మెట్లు పెరిగినా తూకం మాత్రం సినిమాకే, హాలుకు కాదు.

అమెరికాలోనూ పునాది ఇలాంటిదే. న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలండ్‌లో శామ్ గిన్స్‌బర్గ్ అనే ఆయన చిన్న ఫలహారశాల నడిపేవాడు. కాఫీ, రొట్టెలతోపాటు పత్రికలూ అమ్మేవాడు. పదహారేళ్ల కుర్రవాడికి నగ్నచిత్రాల పత్రికలు అమ్మినందుకు కేసు పడింది. 1968లో ఆ దేశ సుప్రీంకోర్టు శిక్షను సమర్థించింది. పెద్దలకు అమ్మగలిగినదాన్ని పిల్లలకు అమ్మకుండా ఆపవచ్చన్న సూత్రం అక్కడ స్థిరపడింది. కాఫీ తాగడానికి వచ్చిన వాళ్ల వయసు అడగమని ఆ తీర్పు చెప్పలేదు. చట్టం పడింది ఆ పత్రిక చేతులు మారిన క్షణం మీద.

ఇంటర్నెట్ వచ్చాక ఈ వివేకం చెదిరింది. దుకాణదారుడికి కళ్లున్నాయి, వెబ్‌సైటుకు లేవు. ఎదుటివాడు పదేళ్లవాడో యాభై ఏళ్లవాడో తెలియాలంటే వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగాలి. పిల్లవాణ్ణి వేరు చేయడానికి పెద్దలందరూ కాగితాలు చూపించాలి. ఈ చట్టాలన్నిటి బరువూ ఇక్కడే ఉంది. 1996లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంలోని అసభ్యతకు సంబంధించిన ప్రధాన నిబంధనలను 1997లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లల పేరుతో పెద్దల మాటను అంతగా అణచడం కుదరదంది. పాతికేళ్లకు పైగా ఆ తీర్పు అడ్డుగోడలా నిలిచింది.

ఆ గోడ పక్కనుంచి దారి వెతికిన శాసనకర్తలు ఒక భిన్నం కనిపెట్టారు. 2023 జనవరి 1న అమల్లోకి వచ్చిన లూసియానా చట్టం, ఒక వెబ్‌సైటులో మూడో వంతుకు పైగా పిల్లలకు హానికరమైన సరుకు ఉంటే వయసు రుజువు అడగాలంది. టెక్సాస్ అదే కొలత తీసుకుంది. కాన్సస్ నాలుగో వంతు అంది. బ్రిటన్‌లో 2017 చట్టం కింద చేసిన నిబంధనల్లోనూ మూడో వంతు మాట ఉంది గానీ 2019లో ప్రభుత్వమే ఆ ప్రయత్నం మానుకుంది. 2025 జూన్ 27న టెక్సాస్ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో నిలబెట్టింది. ఆ చట్టం భారం పెద్దల మీద కూడా పడుతుంది గనక అత్యంత కఠినమైన పరీక్ష పెట్టాల్సిందని జస్టిస్ ఎలీనా కేగన్ విభేదించారు.

అశ్లీల చిత్రాలే వ్యాపారంగా పెట్టుకున్న వెబ్‌సైటు వయసు అడగాలన్న విషయంలో నాకు సందేహం లేదు. అది పదకొండో బీరువా. భిన్నం మాత్రం తప్పుడు త్రాసు. వంద పేజీల చిన్న సైటులో నలభై పేజీలుంటే చట్టం పట్టుకుంటుంది. కోట్ల పేజీలున్న మహాసంస్థలో లక్షల పేజీలు అదే సరుకు ఉన్నా, వంతు లెక్కలో అది తప్పించుకుంటుంది. పిల్లవాడి కంటపడేది సైటులోని వంతు కాదు. వాడి తెర మీదికొచ్చిన ఆ ఒక్క దృశ్యం. కిరాణా కొట్లో ఉప్పూ పప్పూ ఎక్కువ, సిగరెట్లు తక్కువ అని పన్నెండేళ్లవాడికి సిగరెట్ అమ్మనిస్తామా? మన 2003 నాటి పొగాకు చట్టం కొట్టు చిన్నదా పెద్దదా అని చూడదు. పద్దెనిమిదేళ్లలోపు వారికి అమ్మారా లేదా అని చూస్తుంది.

బ్రిటన్ రెండోసారి ఎదురు దారి పట్టింది. 2023 నాటి ఆన్‌లైన్ భద్రతా చట్టం సైటులోని వంతును పట్టించుకోకుండా, పిల్లలకు హానికరమైన సరుకు చేరే అవకాశమున్న వేదికల మీద బాధ్యత పెట్టింది. 2025 జూలై 25 నుంచి వయసు నిర్ధారణ అమలైంది. తప్పితే జరిమానా 1.8 కోట్ల పౌండ్లు లేదా ప్రపంచ ఆదాయంలో పది శాతం, ఏది ఎక్కువైతే అది. ఇంత జరిమానా తల మీద వేలాడుతుంటే ఏ సంస్థ అయినా అవసరానికి మించి తలుపులు మూస్తుంది. మద్యం మానేయాలనుకునేవాళ్లు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే కొన్ని చోట్ల, నెలసరి గురించి ఆడపిల్లలు అడిగి తెలుసుకునే కొన్ని చోట్ల కూడా సెల్ఫీయో గుర్తింపు కార్డో చూపమన్న తెర దిగింది. అదే వారంలో దారి మళ్లించే వీపీఎన్ యాప్‌లు అక్కడి డౌన్‌లోడ్ల జాబితాలో పైకి ఎగబాకాయి. గడుసు పిల్లలు దాటిపోయారు. దాటడం తెలియని పిల్ల, ఎవరినీ అడగలేక తెరను అడుగుదామని వచ్చిన పిల్ల, బయట నిలబడిపోయింది. ఆ పిల్ల గురించి నాకు దిగులు.

అదే చట్టంలోని మరో భాగం వికీపీడియా మీద పడబోయింది. నెలకు 70 లక్షలకు పైగా బ్రిటిష్ వినియోగదారులుండి, సిఫారసు యంత్రాంగమూ ఇతరులకు పంపే సౌకర్యమూ ఉన్న సైట్లను మొదటి వర్గంలో చేర్చే నిబంధనల మీద వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ కోర్టుకెళ్లింది. అందులో పడితే స్వచ్ఛందంగా రాసేవారి గుర్తింపును సరిచూసే బాధ్యతలు వచ్చి పడతాయని దాని భయం. 2025 ఆగస్టు 11న లండన్ హైకోర్టు అర్జీని కొట్టేసింది. అయితే వికీపీడియా పనికి పెద్ద ఆటంకం కలిగించడానికి ఈ తీర్పును పచ్చజెండా అనుకోవద్దని కూడా న్యాయమూర్తి రాశారు. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియాలో హైస్కూలు పిల్లలూ రాశారు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులూ రాశారు. ఆ రచయితల పుట్టిన తేదీలు అడిగి ఉంటే అందులో ఎన్ని వ్యాసాలు మిగిలేవి?

ఆస్ట్రేలియా మూడో దారి తీసింది. 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు వారికి సామాజిక మాధ్యమాల్లో ఖాతా ఉండకూడదు. అలాంటి ఖాతాలను ఆపడానికి తగిన చర్యలు తీసుకోని సంస్థకు 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా. యూట్యూబ్‌ను మొదట మినహాయించి తర్వాత చేర్చారు. సందేశాలకు వాడే వాట్సాప్ బయటే ఉంది. ఈ చట్టంలో నాకు నచ్చిన ఒక సూక్ష్మం ఉంది. ఖాతా లేకుండా వీడియో చూడటాన్ని అది ఆపదు. చూసేవాణ్ణి వదిలి, పిల్లవాడి పేరున ఖాతా తెరిచి వాడి అలవాట్లు పోగుచేసే సంస్థను పట్టుకుంది. కానీ అలవాట్లు పోగుచేసే ఆ యంత్రాన్ని అది ఏమీ మార్చలేదు. పదహారో పుట్టినరోజు తెల్లవారగానే అదే యంత్రం అదే వేగంతో ఆ పిల్లవాడి చేతికొస్తుంది. 2026 జనవరిలో మన మంత్రి నారా లోకేశ్‌గారు ఆ తరహా చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ పరిశీలిస్తోందన్నారు. అందుకే ఈ మాటలు ఈ ఊళ్లో, ఈ ఏడే చెప్పాలనిపించింది.

చట్టం వెబ్‌సైటు పేరునో, పరిమాణాన్నో, అందులోని వంతునో చూడకూడదు. ఆ వెబ్‌సైటు పిల్లవాడి పట్ల ఏ పని చేస్తున్నదో చూడాలి. నేను ఇవాళ చెప్పదలచిన మాట ఇదే. పుస్తకం అరలో ఉండి, తీసే చెయ్యి కోసం ఎదురుచూస్తుంది. నిఘంటువు, విజ్ఞాన సర్వస్వం, వార్తాపత్రిక, ఆరోగ్య సమాచారం, పాఠాలు చెప్పే సైటు, వేధింపు జరిగితే ఎవరికి చెప్పుకోవాలో తెలిపే పేజీ, ఇవన్నీ వెతికితేనే దొరికే అరలు. వీటి దగ్గర వయసు అడగడం అన్యాయం, అది పిల్లవాడి మేలు కోసమే అయినా. పెద్దలకే చెందిన సరుకు అమ్మే చోట, సైటు ఏదైనా, ఆ సరుకు దగ్గర అడగవలసిందే. హాలు ముందు మాత్రం అడగకూడదు.

ఈ రెంటికీ మధ్య ఉన్నదే అసలు కష్టం. సామాజిక మాధ్యమాల ఫీడ్ పుస్తకంలా ఎదురుచూడదు. పిల్లవాడు నిన్న ఏ దృశ్యం దగ్గర ఎన్ని క్షణాలు ఆగాడో గుర్తుపెట్టుకుని ఇవాళ దాన్నే ముందుకు తోస్తుంది. ముక్కూమొహం తెలియని వాడి సందేశాన్ని పిల్లవాడి చేతిలో పెడుతుంది. అర్ధరాత్రి మోగుతుంది. ఇక్కడ గుమ్మం దగ్గర కాగితాలు చూడటంకన్నా మేలైన దారి ఉంది. ఆగకుండా తిరిగే వీడియోలు, అపరిచితుల సందేశాలు, రాత్రిపూట మోతలు అందరికీ మొదట ఆపి ఉంచమని చట్టం చెప్పాలి. కావాలనుకున్న పెద్దవాళ్లు అప్పుడు వయసు చూపించి తెరుచుకుంటారు. కాగితం చూపే భారం జ్ఞానం వెతికేవాడి మీద పడదు. ఆ రుజువు కూడా ఫ్రాన్స్ కోరుతున్న పద్ధతిలో ఉండాలి: సైటుకు మీరెవరో తెలియకూడదు, వయసు ధ్రువీకరించేవాడికి మీరు వెళ్లే సైటు ఏదో తెలియకూడదు. 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే కబుర్ల వేదిక తన తరఫున పనిచేసే బయటి సంస్థలో జరిగిన చొరబాటు వల్ల సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండవచ్చని ప్రకటించింది. వయసు నిర్ణయం మీద అప్పీలు చేసుకున్నవాళ్ల కార్డులూ వాటిలో ఉన్నాయి. మాస్టారు రిజిస్టరులో ఏమీ రాయకపోవడం ఎంత పెద్ద రక్షణో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

ఇక మన దేశం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 9వ సెక్షను పిల్లల వెంటపడి వారి అలవాట్లను గమనించడాన్నీ, వారికి గురిపెట్టిన ప్రకటనలనూ నిషేధించింది. అది మనస్ఫూర్తిగా మెచ్చుకోదగ్గ పని, ఎందుకంటే అది పనిని పట్టుకుంది. కానీ అదే చట్టం పద్దెనిమిదేళ్లలోపు ప్రతి ఒక్కరినీ పిల్లలే అంటుంది. వారి సమాచారం తీసుకునే ప్రతి సంస్థా తల్లిదండ్రుల ధ్రువీకృత అనుమతి పొందాలంటుంది. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. సైటు ఏ రకానిదన్న విచక్షణను మూలచట్టం నిబంధనలకే వదిలేసింది. ఆరేళ్ల పాపకూ, ఇంటికి వంద మైళ్ల దూరాన హాస్టల్లో ఉండి ప్రవేశ పరీక్షకు చదువుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయికీ అందులో తేడా లేదు.

అలాంటి అనుమతి మన ఇళ్లలో ఎలా వస్తుందో నేను చూశాను. మా వీధి చివర మిషను కుట్టే ఆమె కూతురు తొమ్మిదో తరగతి. ఇంట్లో ఉన్నది తల్లి ఫోను ఒక్కటే. ఒక పాఠాల యాప్ తల్లి అనుమతి కోరింది. తల్లి కుట్టు ఆపకుండానే ‘‘ఏమొచ్చిందే?’’ అంది. ‘‘ఓటీపీ అమ్మా’’ అంటూ పిల్ల ఆరంకెలు పైకి చదివి, తనే కొట్టేసి, తనే సరేనంది. తల్లికి ఆ ఇంగ్లీషు చదవడం రాదు. యాప్ దృష్టిలో తల్లి అనుమతి పూర్తయింది. పల్లెల్లో చదువును కొలిచే ‘అసర్’ సర్వే 2024 నివేదిక ప్రకారం మన పల్లెల్లో 14-16 ఏళ్లవారిలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వారిలో అంతకు ముందు వారంలో సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం, చదువుకు వాడినవారు 57 శాతం. ఈ రెండు వాడుకలకూ ఒకే అనుమతి అడిగే చట్టం, మొదటిదాన్ని ఆపలేక రెండోదాన్ని మాత్రమే ఇబ్బందిపెడుతుందని నా భయం.

ఈ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో, అమల్లోకి వస్తాయి. ఆ నిబంధనల నాలుగో షెడ్యూలులో కొందరికి పరిమితమైన మినహాయింపులున్నాయి: ఆసుపత్రులకు, వైద్యులకు, విద్యాసంస్థలకు, పిల్లలను పగలు చూసుకునే కేంద్రాలకు. చట్టం పని స్వభావాన్ని చూడగలదనడానికి ఆ షెడ్యూలే సాక్ష్యం. కానీ అందులో గ్రంథాలయం అన్న మాట లేదు. విజ్ఞాన సర్వస్వం అన్న మాట లేదు. మన కార్యవర్గం ఈ వేసవిలో బాలల సభ్యత్వ రిజిస్టరును కంప్యూటరులోకి ఎక్కిస్తోంది. చందాలతో నడిచే ఈ హాల్లో ఎనిమిదో తరగతి పిల్లవాడు కథల పుస్తకం తీసుకోవడానికి రేపు ఏ రుజువులు అడగాల్సి వస్తుందో కార్యదర్శిగారు నన్ను అడిగారు. ఆ షెడ్యూలులో గ్రంథాలయం, విజ్ఞాన సర్వస్వం అన్న రెండు మాటలూ చేర్చమని కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖకు రాసిన వినతిపత్రం అదుగో, పదకొండో బీరువా ముందున్న ఆ బల్ల మీదే ఉంది. సభ ముగిశాక పెద్దలూ పిల్లలూ చదవండి. సమ్మతమైతే సంతకం చేయండి.